నాలా అవతలి వార్డు

జమాలుద్దీన్ కొంప ముంచింది ఆయన చేతులారా రాసిన అర్జీయే. ఆ సంగతి బయటపడటానికి కోడలు జరీనా కౌన్సిలర్‌గా గెలవాల్సి వచ్చింది.

మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ నడుమ వాళ్ల ఊరు. ఊరు దాటితే నాలా, నాలా దాటితే ఒండ్రు బాట, బాట చివర ఖబ్రస్తాన్. ఎనిమిదేళ్ల కింద ముసురులో భార్య షిరీన్ పోయింది. జనాజాను భుజాల మీద మోయడమే వాళ్ల ఆచారం. మోస్తుంటే ముందువాళ్లు మోకాలిదాకా దిగబడి, పాడె ఒరిగి, తెల్లటి కఫన్ గుడ్డ బురదపాలైంది. ఆ మరక ఇవాళ్టికీ ఆయన గుండెల్లో ఆరలేదు.

బాట కోసం ఎక్కని గడప లేదు. సర్పంచి సరేననేలోగా పంచాయతీ మున్సిపాలిటీ అయింది, సర్పంచి మాజీ అయ్యాడు. తర్వాతి కౌన్సిలర్, మీ ఇళ్లు మూడు వార్డుల్లో ఉన్నాయి, మిగతా ఇద్దరినీ అడగమన్నాడు. ఆ ఇద్దరూ అదే మాటన్నారు. పదవీకాలం అయిపోయాక వచ్చిన అధికారి ఎన్నికలు కానీయమన్నాడు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి.

ఇంతలో వార్డులు మళ్లీ విడదీస్తున్నాం, అభ్యంతరాలుంటే చెప్పండని కాగితం అంటించారు. అడగందే అమ్మైనా పెట్టదు కదా. జమాలుద్దీన్ మసీదు దగ్గర అందరినీ కూడగట్టి అర్జీ రాశాడు: నాలాకు ఇవతలి ఇళ్లన్నీ ఒకే వార్డు చేయండి, నాలానే హద్దు పెట్టండి. జన్మలో మొదటిసారి ఆఫీసు ఆయన మాట విన్నది. వార్డు ఆడవాళ్లకు వచ్చింది. కుట్టుమిషను నేర్పే జరీనా నిలబడి అరవై ఓట్లతో గెలిచింది. ఊరంతా మిఠాయి పంచారు.

నెల తిరక్కముందే ఆమె బాట పని కాగితం పెట్టింది. ఇంజనీరు పటం పరిచి చూపించాడు. నాలా వెంబడే ఎర్ర గీత. ఖబ్రస్తాన్, బాట రెండూ గీతకు అవతల, పక్క వార్డులో. మీ నిధులు అక్కడ పెట్టడానికి వీల్లేదమ్మా అన్నాడు. ఈ గీత ఎవరు గీయమన్నారని ఆమె అడిగితే, ఫైలు తిప్పి మామగారి సంతకం చూపించాడు. ఇళ్లు లెక్కపెట్టుకున్న పెద్దమనిషికి సమాధులు తోచనే లేదు.

ఆ మాట విని జమాలుద్దీన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తన మీద తనకే ఒళ్లు మండింది. మూడోనాడు పక్క వార్డు కౌన్సిలర్ సుధాకర్ ఇంటికి పోయాడు. ప్లాట్ల వ్యాపారం చేసే సుధాకర్ కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఎయ్యనంటలేను చాచా. గా దిక్కు మీ ఓట్లెన్నున్నయో చెప్పు. మా కాలనీవోళ్లు మోరీలు కట్టలేదనే లొల్లి వెడ్తాండ్రు."

"మా నాయిన ఆడనే ఉన్నడు, అమ్మ ఆడనే ఉన్నది, పెండ్లాం ఆడనే ఉన్నది," అన్నాడు జమాలుద్దీన్. "ఓట్లయితే లేవు పటేలా."

వానలు వెళ్లనీ, చూద్దామన్నాడు సుధాకర్. ఎనిమిదేళ్లుగా అందరూ అన్నది ఇలాంటిదే.

ఇంటికొచ్చేసరికి సన్నగా జల్లు మొదలైంది. పోయిన పని ఏమైందని జరీనా అడగలేదు, మొహం చూస్తేనే తెలిసింది. మామగారు అరుగు మీద కూలబడి, తడిసిన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా కోసం దువా చెయ్యి బిడ్డా," అన్నాడు. "నేను ఎండకాలంల పోవాలె."