ధర చెప్పాకే ముడి

గుడ్ ఫ్రైడే నాడు ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదని అజేలీ మేష్ పొద్దున్నే దుప్పటి మడతపెడుతూ గట్టిగా అనుకుంది. కోపం వస్తే ఉపవాసం దండగ. మధ్యాహ్నం దాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా సిలువ మార్గం నడవాలి. తర్వాత చర్చి హాల్లో నలుగురితో కలిసి ఉడికించిన క్రాఫిష్, అదే మంచినీటి పెద్ద రొయ్య లాంటిది, తిని ఇల్లు చేరాలి. ఏటా చేసేది అదే.

ఆ అనుకోవడం చర్చి మెట్ల దాకా కూడా నిలవలేదు.

మెట్ల మీద నోలన్ డుసే నిలబడి ఉన్నాడు. బడి బస్సు తోలే మనిషి. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా బస్సు మొదటి మలుపు తిరిగేలోగా ఆయనకు తెలిసిపోతుంది.

"ఏం అక్కా, ఇంకా పాత బండిలోనే తిరుగుతున్నారా? ఈ ఏడు మీ పంట పండింది కదా!"

"ఏం పండింది నోలన్?"

"ఊరుకో అక్కా. క్రాఫిష్ పౌను ఆరు డాలర్లట. చర్చికి కూడా అదే ధరట. మీ మళ్లల్లో వాటికి మేతగా బంగారం వేస్తున్నారా ఏంటి?"

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వులో సరదా కంటే పులుపు ఎక్కువ. ఏటా ఈ రోజు చర్చి హాల్లో భోజనం ఉచితం. ఈసారి ధర చూసి ఫాదర్ జూబేర్ పళ్లేనికి ఇంత అని పెట్టక తప్పలేదు. పెట్టగానే కొన్ని ఇళ్లవాళ్లు రావడం మానేశారు. ఆ ఇళ్లు ఏవో అందరికీ తెలుసు, పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. రైతులు సరుకు బిగబట్టుకుని కూర్చున్నారన్న మాట ఊరంతా తిరిగింది. ఆ చర్చికి వచ్చేవాళ్లలో వరి మళ్లల్లో నీళ్లు నిలిపి క్రాఫిష్ పెంచే ఇల్లు ఇంకొకటి లేదు. కాబట్టి రైతులంటే మేష్ వాళ్లే.

అజేలీ మొహం వేడెక్కింది. తమకు ముట్టింది పౌనుకు రెండు డాలర్లు కూడా కాదని అరిచి చెప్పాలనిపించింది. ఆమె భర్త ఓవీ మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు.

"పద. ఇవాళ వద్దు."

"ఇవాళ కాకపోతే ఎప్పుడు? అమ్మింది మనం కాదు. మన పేరెందుకు ఎత్తాలి?"

"లెస్టర్ మనవాడే కదా. తర్వాత మాట్లాడతాను."

లెస్టర్ ప్రెజాన్ నిజంగానే మనవాడు. ఓవీ పిన్ని కొడుకు. రైతుల దగ్గర క్రాఫిష్ కొని ఊళ్లకూ హోటళ్లకూ పంపే వ్యాపారం అతనిది. ఊరి చివర పెద్ద చల్లగది ఉంది. ఈ రోజు భోజనానికి చర్చికి సరుకు అమ్మిందీ, ఆదివారం పూజలో కానుకల బుట్ట తిప్పేదీ అతనే. అతను సరుకు ఎత్తుకుపోయేటప్పుడు ధర చెప్పడు. "మార్కెట్ ఎలా ఉంటే అలా" అంటాడు. చెక్కు వచ్చిన రోజునే రైతుకు తన సరుకు ధర తెలుస్తుంది. ఆ చుట్టుపక్కల అందరికీ అదే పద్ధతి. ఓవీ తండ్రి కాలం నుంచీ అదే. ఇది పద్ధతేనా అని అజేలీ పెళ్లయిన కొత్తలో అడిగింది. అందరూ నవ్వేశారు. తర్వాత ఆమే అడగడం మానేసింది.

గడిచిన వారం లెస్టర్ వచ్చి ఉన్న సంచులన్నీ ఎత్తుకుపోయాడు. "వదినా, మార్కెట్ పడిపోయింది. ఈ వారం మాత్రం ఏమీ పట్టకండి, నా లారీలు నిండిపోయాయి. ఈస్టర్ అయ్యాక సోమవారం వస్తా" అన్నాడు. ఓవీ మడి నీళ్లలో దింపిన బోనుల్లో ఎర వెయ్యడం మానేశాడు. వారం రోజులుగా మడి నుంచి ఒక్క సంచీ బయటికి పోలేదు. మొన్న వచ్చిన చెక్కు చూస్తే పౌనుకు రెండు డాలర్లు కూడా పడలేదు.

సిలువ మార్గంలో మూడోసారి ప్రభువు పడిపోయే చోట మోకరిల్లినప్పుడు, అజేలీ మనసులో ఉన్నది ప్రభువు కాదు, లెస్టరే. ముందు వరసలో అతని తెల్ల చొక్కా కనబడుతోంది. తండ్రీ, ఈ మనిషి వీపు నా కళ్ల ముందు నుంచి తప్పించు అని ప్రార్థించింది. వీపు కదల్లేదు.

హాలు వెనక గుండిగలు పొంగుతున్నాయి. ఎండుకారం ఘాటుకు పిల్లలు తుమ్ముతున్నారు. మొక్కజొన్న కండెలు, బంగాళదుంపలు, వెల్లుల్లి గడ్డలు, నిమ్మకాయలు అన్నీ పడ్డాయి. మొదటి గుండిగ ఎత్తి, పాత పేపర్లు పరిచిన బల్ల మీద కుమ్మరించారు. ఎర్రగా, పీత డెక్కలతో, రొయ్య తోకలతో కుప్ప పొగలు కక్కింది. ఆకలిగా ఉన్నవాళ్లు చేతులు చాచారు.

అందరికంటే ముందు చెయ్యి వెనక్కి తీసుకున్నది ఓవీ తల్లి, ముసలామె యూలా.

"తినకండి."

"ఏమైంది అత్తా?"

"తోకలు చూడండి. ఒక్కటైనా ముడుచుకుందా?"

ప్రాణంతో నీళ్లలో పడ్డ క్రాఫిష్ తోక లోపలికి చుట్టుకుంటుంది. ముందే చచ్చిపోయింది కర్రలా చాచుకుని ఉంటుంది. ఆ ఊళ్లో నడక రాని పిల్లకి కూడా చాచిన తోక తినకూడదని తెలుసు. బల్ల మీద ఉన్నవాటిలో సగానికి పైగా చాచిన తోకలే.

నోలన్ ఒకటి పైకెత్తి పట్టుకున్నాడు. "బాగుంది! ఆరు డాలర్లిచ్చి శవాలు కొన్నాం. ఓవీ అన్నా, చచ్చినవి కూడా తూకానికి వేశావా?"

ఓవీ తల దించుకున్నాడు. ఆయన తప్పు లేకపోయినా తల దించుకునే రకం. అది చూసి అజేలీకి ఒళ్లు మండింది. గబగబా హాలు వెనక్కి నడిచింది. ఇంకా విప్పని సంచులు గోడవార పేర్చి ఉన్నాయి. ఊదారంగు వల సంచులు అందరివీ ఒకేలా ఉంటాయి. మూతులు మాత్రం ఒకేలా ఉండవు. మిగతా రైతులు ప్లాస్టిక్ పట్టీ బిగించి వదిలేస్తారు. అజేలీ తండ్రి పందిమాంసం సాసేజీలు కట్టి అమ్మేవాడు. ఆయన దగ్గర నేర్చిన ముడి ఆమెది. పురికొస రెండు చుట్లు తిప్పి, ఒక కొస లోపలికి దోపి, బయట చిన్న చెవి వదులుతుంది. ఆ చెవి పట్టి లాగితే ఒక్క లాగుకే విడిపోతుంది. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అలా కట్టరు.

గోడవారన ఉన్న సంచులన్నిటికీ ఆ చెవి ఉంది.

ఒక సంచి మూతి పట్టుకుని ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి తెచ్చింది. గుప్పుమన్న వాసనకు జనం పక్కకు జరిగారు.

"లెస్టర్, ఇలా రా."

లెస్టర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి వదినా, ఈ రోజు ఇలా..."

"ఈ ముడి ఎవరిది?"

"మీదే. మీ సరుకే కదా, నేను కాదన్నానా?"

"ఎప్పటిది?"

లెస్టర్ ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ జూబేర్ సంచి వైపు చూస్తున్నారు.

"ఈ వారం మా సంచి ఒక్కటీ గడప దాటలేదు. పట్టొద్దని నువ్వే చెప్పావు. అంటే ఇవి పోయిన వారానివి. మార్కెట్ పడిపోయిందని మా దగ్గర రెండు డాలర్ల లోపు ధరకు ఎత్తుకుపోయి, చల్లగదిలో దాచి, సరుకే లేదని, రైతులు దిగిరావడం లేదని ఈ చర్చికే ఆరుకి అమ్మావు. అంతేనా, ఇంకేమైనా ఉందా?"

"వదినా, ధర నేను పెట్టానా? వానల్లేక పెరిగింది. వ్యాపారం అన్నాక..."

"వానల్లేక పెరిగిందంటే ఒప్పుకుంటాను!" అజేలీ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పోయిన ఎండాకాలం మళ్లు బీటలు వారాయి. గుడ్లతో మట్టిలో దూరిన తల్లులు ఆ మట్టిలోనే ఎండిపోయాయి. నీళ్లు పెట్టినప్పుడు పిల్లలు ఎన్ని బయటికొచ్చాయో నేను చూశాను. చలికి అవి కదలవు, బోనులోకి రావు, అప్పుడు ధర పెరుగుతుంది. ఈ నలభై రోజులూ శుక్రవారం మాంసం మానేస్తాం, ఊరంతా వీటి మీద పడుతుంది, అప్పుడూ పెరుగుతుంది. ఈస్టర్ వెళ్లాక ఎండ ముదురుతుంది, మళ్లు నిండుతాయి, తినేవాళ్లకి మొహం మొత్తుతుంది. అప్పుడు పడిపోతుంది. అదంతా దేవుడి చేతిలోది, నేను ఒక్క మాట అన్నానా? ఇది దేవుడు చేసింది కాదు లెస్టర్. చల్లగది తలుపుకి తాళం దేవుడు వెయ్యలేదు."

నోలన్ చేతిలో ఉన్న క్రాఫిష్‌ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"చల్లగదిలో మిషను ఆగిపోయింది వదినా, ఒక్క రాత్రి..." అన్నాడు లెస్టర్. కాసేపటికి టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని అజేలీకి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

ఫాదర్ సంచులన్నీ బయట పారేయించారు. పళ్లేనికి డబ్బు అని అంటించిన కాగితాన్ని స్వయంగా చింపేశారు. కానీ పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. బంగాళదుంపలు ఎంతసేపు తింటారు?

"మీ మళ్లల్లో ఏమైనా ఉంటాయా అక్కా?" నోలన్ అడిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఉంటాయి. కానీ ఇవాళ ఎలా తీస్తాం?"

గుడ్ ఫ్రైడే నాడు నేల తవ్వకూడదు. తవ్వితే నేలలోంచి రక్తం వస్తుందని యూలా అమ్మమ్మ చెప్పింది, యూలా నమ్మింది. వాళ్లింట్లో ఆ రోజు ఎవరూ పార ముట్టరు. క్రాఫిష్ పడవకి వెనక ఇనుప చక్రం ఉంటుంది. అది బురదని తవ్వుకుంటూ పడవని నెడుతుంది. అందుకే ఈ రోజు పడవ కూడా కదలదు.

"ఫాదర్, మీరు చెప్పండి. పాపమా?" అడిగాడు ఓవీ.

"చర్చి చట్టంలో అలాంటిదేమీ లేదు ఓవీ. కానీ మీ అమ్మతో వాదించే ధైర్యం నాకు లేదు."

అందరూ యూలా వైపు తిరిగారు.

"చక్రం పైకి లేపెయ్యండి. చేత్తో తోసుకుంటూ వెళ్లండి. కాళ్లు దిగబడితే దిగబడనీ, అది తవ్వడం కాదు. నడవడం."

నోలన్‌కి ఓవీ రబ్బరు బూట్లు తొడిగారు. వరి మోళ్ల మధ్య తొడల లోతు నీళ్లలో పడవని తోసుకుంటూ వెళ్లారు. అజేలీ పడవలో కూర్చుని బోనులు ఎత్తి తట్టలో దులుపుతోంది. ఒక బోనులో మూడు. ఇంకో దాంట్లో రెండు. ఇంకో దాంట్లో పాత ఎర ముల్లు మాత్రమే. ఒక దాంట్లో నీటిపాము ఉంటే నోలన్ వెనక్కి పడి నిలువునా తడిశాడు.

"ఇంతేనా అక్కా? బోనుకి ఇంతేనా?"

"మంచి ఏడు అయితే గుప్పెళ్లు గుప్పెళ్లు."

నోలన్ పడవని ఇంకో గట్టు దాటించాడు. తర్వాత, "నా నోరు పడిపోను" అన్నాడు. "మెట్ల మీద అన్నది అందరి ముందూ అన్నాను. వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే తీసుకుంటా."

అన్నట్టే చేశాడు. రాని ఇళ్ల ముందు బస్సు ఆపి, హారన్ కొట్టి, తలుపు తీసి వాళ్లని ఎక్కించుకున్నాడు. ఎక్కిన ప్రతి మనిషికీ మేష్ వాళ్లకి ముట్టిందెంతో, లెస్టర్ అమ్మిందెంతో చెప్పాడు. పొద్దు వాలేసరికి ఉడికింది రెండు సంచులే. మనిషికి గుప్పెడు వచ్చింది. యూలా ముడుచుకున్న తోక ఒకటి తీసి వేలికి ఉంగరంలా తొడుక్కుని చూపించింది. అప్పుడు అందరూ తిన్నారు.

ఆదివారం పూజలో లెస్టరే కానుకల బుట్ట తిప్పాడు. అజేలీ అతని మొహం చూడకుండా తన కవరు వేసింది. కోపం ఇంకా ఉంది. గుడ్ ఫ్రైడే నాడు అరవడం పాపమా, అరవకుండా ఊరుకోవడం పాపమా అని ఆమె ప్రభువుని అడిగింది. జవాబు రాలేదు. అడగడం మాత్రం ఇకమీద మానకూడదనుకుంది.

సోమవారం లెస్టర్ లారీ గట్టు మీద ఆగింది. పడవ అప్పుడే ఒడ్డుకు చేరింది. గట్టు అంచున మూతి తెరిచిన సంచులు నిలబెట్టి ఉన్నాయి. అజేలీ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. పురికొస పళ్ల మధ్య ఉంది.

"కట్టెయ్ వదినా, ఇంకా నాలుగు చోట్లకి పోవాలి."

అజేలీ పురికొస చేతిలోకి తీసుకుంది. "ధర ఎంత?"

"అది ఎప్పటిలాగే చెక్కు వచ్చాక..."

"ఎప్పటిలాగే అయితే ఎప్పటికీ కట్టను."

లెస్టర్ ఓవీ వైపు చూశాడు. ఓవీ ఈసారి తల దించలేదు. పడవ అంచు కడుగుతూ ఉండిపోయాడు. లెస్టర్ సణుగుతూ ఒక ధర చెప్పాడు. తక్కువే. కానీ ఈస్టర్ అయ్యాక తగ్గడం న్యాయమేనని అజేలీకి తెలుసు. తల ఊపింది.

"సరే. మరి నువ్వు ఎంతకి అమ్ముతావు?"

"అది నీకెందుకు?"

ఒక క్రాఫిష్ సంచి అంచు ఎక్కి, అటూ ఇటూ డెక్కలు ఆడించి, గట్టు మీంచి మడి నీళ్లలోకి జారిపోయింది. దాని వెనకే ఇంకొకటి.

"వదినా, పోతున్నాయి!"

"పోనీ," అంది అజేలీ, పురికొస వేలికి చుట్టుకుంటూ. "నువ్వు చెప్పేదాకా ఇంకా మావే కదా."