లక్షకు తొమ్మిది తక్కువ

1958లో నేను ప్రొద్దుటూరులో స్కూలు చదువు ముగించి, లెక్కలు చదవడానికి అనంతపురం కాలేజీకి పోతానంటే మా నాయన రామచంద్రయ్య ససేమిరా అన్నాడు. పులివెందులలో పౌరోహిత్యం ఆయనది. "ఆడపిల్లకు లెక్కలెందుకు, పప్పు కొలిచేదానికా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆ శ్రావణంలోనే, మా నాయన పూజలు చేయించే రైతు, నేను మామ అని పిలిచే ఆదినారాయణ రెడ్డి మొక్కు వచ్చిపడింది. కొత్తగా వేసిన ఆకుతోట నిలిస్తే, తొలికోత లక్ష తమలపాకులు గండి ఆంజనేయస్వామికి మాలలు కట్టిస్తానని ఆయన మొక్కుకున్నాడు. మాలలన్నీ సమానంగా ఉండాలి, ఆకు మిగలకూడదు, బయటి ఆకు కలపకూడదు. తోటలో కోతకొచ్చిన ఆకంతా కోస్తే లక్షకు లక్షా లెక్క తేలింది. మాలకు వంద చొప్పున గుడి ముందర మాలలు కట్టే గురమ్మ జట్టు గుచ్చుతుంటే, మామ ఆకుల గుట్ట పక్కన కూర్చుని అందించాడు. పూజ చేయించడానికి నాయనా, ఆయన వెంట నేనూ వెళ్ళాము.

చివరి మాలకు తొంభై ఒక్క ఆకులే వచ్చాయి.

"తొమ్మిదాకులు యాడబోయినాయి?" అని మామ ఎగిరిపడ్డాడు.

గురమ్మ ఆయన మొహంలోకి చూసింది. "రెడ్డీ, ఏదీ, నోరు తెరువు!"

నోరు ఎర్రగా పండి ఉంది. ఒళ్ళో సున్నపుకాయ మూత తీసే ఉంది. అందిస్తూ అందిస్తూ, అలవాటు కొద్దీ, దేవుడి ఆకులు తొమ్మిది నమిలేశాడు!

మామ మొహం పాలిపోయింది. "మొక్కు చెడితే నా తోట నిలుస్తాదా? తిన్నదానికి చెంపలేసుకుంటా, ఉన్నవాటినన్నా ఇంగో మాదిరి సమానంగా పంచు పాపా" అని నన్ను బతిమాలాడు.

"లెక్కలు శానా వచ్చంటావు కదా" అన్నాడు నాయన. "దారి చూపిస్తే అనంతపురం పంపిస్తా. లేదంటే ఇంక ఆ మాటే ఎత్తగూడదు."

బొగ్గుముక్క తీసుకుని మండపం బండల మీద కూర్చున్నాను. తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒకటి. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుతో మూడు. పదకొండుతో మళ్ళీ ఒకటి. పదమూడుతో ఎనిమిది. మొదట గుండె జారింది. నూరు దాటాక నవ్వు మొదలైంది. ఏం పొగరు ఈ సంఖ్యకు, ఎవరికీ లొంగదే! మూడు వందల పదమూడుతో నూట నలభై నాలుగు మిగిలేసరికి లేచి గంతులేశాను. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య మూడు వందల పదిహేడు. దాన్ని దానితోనే హెచ్చిస్తే లక్ష దాటిపోతుంది. అంత పెద్దదేదైనా దీన్ని భాగించేదుంటే, దాని చిన్న జత ఈపాటికే దొరికి ఉండాలి.

"ఇది ప్రధాన సంఖ్య! దీన్ని ఎవరూ సమంగా పంచలేరు!" అని అరిచాను.

మామ కూలబడ్డాడు. "అయితే అయిపోయినట్టే" అన్నాడు నాయన. అప్పుడు గానీ నేను అరిచిందేమిటో నాకు తెలియలేదు. బండ మీది అంకెలు మళ్ళీ చూశాను. ఇలాంటి సంఖ్యను భాగించేవి రెండే రెండు. ఒకటి అదే. రెండోది, ఒకటి.

"నాయనా, ఒకే మాల! ఆకులన్నీ ఒకే మాలలో! ఉండేది ఒకటే అయితే ఎచ్చుతగ్గులు యాడుంటాయి?"

గురమ్మ జట్టు మాలలన్నిటినీ కొసకు కొస ముడేశారు. మాల గుడి చుట్టూ తిరిగింది, మళ్ళీ తిరిగింది, తిరుగుతూనే ఉంది. దాన్ని మోస్తూ అందరం పరుగులే పరుగులు. మధ్యలో మామ చెయ్యి అలవాటుగా ఒక ఆకు మీదికి పోయింది. "మామా!" అని గుడి అదిరేలా అరిచాము.

నాయన సంకల్పం చెప్పాడు. ఆదినారాయణ గోత్రం, పేరు, తోట చల్లగా ఉండాలనీ. తర్వాత మా గోత్రం, వైదేహి అని నా పేరు, చదువు బాగా రావాలనీ కలిపాడు.

"నా మొక్కులో నీ బిడ్డ పేరేంది స్వామీ?" అన్నాడు మామ.

"అనంతపురం శానా దూరం కదప్పా. దేవుడు తోడుండల్ల" అన్నాడు నాయన, నావైపు చూడకుండా.