చూరు దించిన రోజు

రేపల్లె రైలు దిగి అరగంటైనా ఆదాము తెనాలి స్టేషన్లో ఒక్క బల్ల మీదా కూర్చోలేదు. ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా నడిచాడు, మళ్ళీ ఈ చివరికి వచ్చాడు, టీ కొనుక్కుని రెండు గుక్కలు తాగి మిగతాది పారబోశాడు. పది రోజులుగా ఇదే వరస. పొద్దున్నే రైలు, ఇక్కడ దిగడం, ఇంజనీరమ్మ కారెక్కి బాపట్ల పోవడం. తాటాకు ఇళ్ళు కప్పే మనిషి, పొట్టి. నరాలు తేలిన ఒళ్ళు. తాటిమట్టల రంపపు అంచులు ముప్పై ఏళ్ళపాటు గీరి గీరి ముంజేతుల మీద నున్నటి చర్మమన్నది మిగల్లేదు. తెల్లవారి లేచినప్పటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. దానికి కారణం కూడా ఆ పాడు చూరేనని తేల్చేసుకున్నాడు.

ఆ చూరు గొడవేమిటో ఇక్కడే చెప్పేసుకుంటే మంచిది. బాపట్ల నుంచి సముద్రానికి పోయే దారిలో నరసింహారావు గారికి రెండెకరాల ఇసుక చేను ఉంది. తెనాలిలో వ్యాపారం. నడుం నొప్పికని యోగా మొదలుపెట్టి, నొప్పి పోయాక యోగా పిచ్చి పట్టుకున్న మనిషి. ఆ చేలో యోగా మందిరం తలపెట్టాడు. సిమెంటు వద్దు, గోడలు వద్దు, చుట్టూ ఉన్న తాటిచెట్లూ సరుగుడు తోటా వరిచేలూ లోపలికి వచ్చేసినట్టుండాలి అన్నాడు. ఇంజనీరమ్మ కరుణశ్రీ అలాగే గీసింది. తాటి గుంజలు, వెదురు వాసాలు, మట్టి అరుగు, తాటాకు కప్పు. ఏదీ పది మైళ్ళ అవతల నుంచి రాదు. చక్కగా గీసింది, కాదనడానికి లేదు. ఒక్క చూరు మాత్రం తొమ్మిదడుగుల ఎత్తున పెట్టింది, లోపలివాళ్ళకి తాటిచెట్ల తలలు కనపడాలని. దాంతో కప్పు వాలు చచ్చిపోయింది. తాటాకు మీద పడిన వాన జారిపోవాలి. ఆగిందంటే ఆకు నాని కుళ్ళుతుంది. పైగా సముద్రపు గాలి ఆ ఎత్తు చూరు కింద దూరితే కప్పునే లేపేస్తుంది. ఇదంతా ఆదాముకి మొదటి రోజే, గుంజలు చూడగానే తెలిసింది. పది రోజులైనా నోరు పెగల్లేదు.

ఇరవై ఏళ్ళ కింద కూడా ఇంతే చేశాడు. రేపల్లె దగ్గర ఒక హోటలుకి వాలు చాలదని తెలిసీ, పెద్దవాళ్ళతో మనకెందుకులే అని ఆకు కట్టాడు. తొలకరికే కారింది. ఆ హోటలు గీసినవాడి పేరు ఎవరూ అడగలేదు. ఆదాము కప్పింది కారిందట అన్నారు, అంతే. ఆ తర్వాత ఊళ్ళన్నీ స్లాబులయ్యాయి. ఆదాము కూడా కాలనీలో స్లాబు ఇంట్లోకే మారి, అరటి తోటల్లో కూలికి పోయాడు. ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఒక కప్పు చేతికొచ్చింది. అరవై నాలుగేళ్ళవాడికి ఇంకొకటి రాదు. రేపు వడ్రంగులు వాసాలు బిగించేస్తారు. చెప్పడానికి ఇవాళొక్కటే ఉంది.

కరుణశ్రీకి ముప్పై దాటి ఉండవు. ఎవరినైనా వరస కలిపే పిలుస్తుంది. కారులో ఆమె రెండుసార్లు అతని మొహంలోకి చూసి, ఒంట్లో బాగాలేదా బాబాయ్ అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాడు. పొన్నూరు వచ్చేలోపు చెప్పేద్దామనుకున్నాడు. పొన్నూరు దాటిపోయింది. సరే, బాపట్ల వచ్చేలోపు అనుకున్నాడు. బాపట్లా వచ్చేసింది. తన మీద తనకే రోత పుట్టింది.

చేలో వడ్రంగులు వెదుళ్ళు చెక్కుతున్నారు. ఆదాము గుంజల చుట్టూ తిరిగాడు, ఆకుల కుప్ప దగ్గరికి పోయి ఒక ఆకు తీసి చూసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ గుంజల దగ్గరికొచ్చాడు. కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడు చూసి నరసింహారావు గారికి నవ్వొచ్చింది.

“కాసేపు కూర్చోవయ్యా, నిన్ను చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి. మా మందిరంలో మొదటి ఆసనం నీదే, రా,” అన్నాడు.

పెద్దాయన మాట కాదనలేక మట్టి అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కూర్చుని తలెత్తాడు. ఎదురుగా తాటిచెట్లు. వాటి తలలు చూరు రావలసిన గుంజల కొసలకి ఎక్కడో కింద ఉన్నాయి. పైన బారెడు ఆకాశం ఊరికే ఉంది. పది రోజులుగా గుండెల మీద ఉన్న బరువుకి ఇంత సులువైన దారి ఉందా అని నమ్మబుద్ధి కాలేదు.

“అమ్మా, ఇక్కడికొచ్చేవాళ్ళు నుంచుని చేస్తారా అండి, కూర్చుని చేస్తారా?”

ఎక్కువసేపు కూర్చునే ఉంటారంది కరుణశ్రీ.

“అయితే ఒకసారి ఇటొచ్చి కూర్చోండమ్మా.”

ఆమె వచ్చి పక్కనే కూర్చుంది. ఆదాము ఇద్దరు వడ్రంగుల చేత ఒక వెదురు బొంగుని గుంజలకి అడ్డంగా పట్టించి, దించమన్నాడు. ఇంకా దించమన్నాడు. మూడున్నర అడుగులు దిగినా తాటిచెట్ల తలలు బొంగు కిందే ఉన్నాయి. అప్పుడు ఆదాముకి నోరొచ్చింది. వాలు, వాన, గాలి, హోటలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చేశాయి.

“తొమ్మిదడుగులే ఉంచుతానంటే నేను కట్టనండి. ఇంకొకళ్ళని చూసుకోండి,” అన్నాడు చివరికి.

“మొదటి రోజే చెప్పొచ్చుగా బాబాయ్.”

“చెప్పొచ్చునండి. చెప్పలేదు.”

నేను గీసినన్నాళ్ళూ నిలబడే చూశాను అని ఆమె తనలో తను అనుకుంది. నరసింహారావు గారు మాత్రం ఒప్పుకోలేదు. వచ్చేవాళ్ళంతా పెద్ద పెద్దవాళ్ళు, తల వంచుకుని దూరాలంటే ఏం బాగుంటుందని గొణిగాడు.

“వంగనివ్వండి సార్. వంగడం నేర్చుకోడానికేగా వచ్చేది,” అంది కరుణశ్రీ.

ఆ మాటకి వడ్రంగులు నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దాయనా నవ్వక తప్పలేదు. గుంజలు కోసేయమన్నాడు.

వాలు చూద్దామని ఒక పక్క మూడు గుంజలు కోసి వాసాలు ఎత్తి, వాటికడ్డంగా అంచు వెదురు కట్టేసరికి నాలుగయింది. ఆదాము దూరంగా పోయి ఆ వాలుని చూశాడు, దగ్గరికొచ్చి అరచేత్తో తడిమాడు. అన్నం తినమంటే సహించడం లేదన్నాడు. ఆకు కట్టేవాళ్ళలో ఒక వాడుక ఉంది. వాసాలు ఎత్తిన రోజున పెద్దవాడు చూరుకి ఒకే ఒక్క ఆకు కడతాడు. ముందు గాలికి చూపించాలంటారు. తెల్లారేదాకా రెండోది కట్టరు. ఆదాము కుప్పలోంచి ఆకు తానే ఏరుకున్నాడు. నార తడిపి తానే బిగించాడు. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. అంత సంతోషం తనకి పెళ్ళినాడు కూడా లేదని వడ్రంగులతో అన్నాడు. చెమట తుడుచుకుని, ఇప్పుడే వస్తానని ఆకుల కుప్ప నీడన తువ్వాలు పరుచుకుని ఒరిగాడు.

ఐదింటికి కరుణశ్రీ వచ్చి, పోదామా బాబాయ్ అని పిలిచింది. నిద్రపోయాడనుకుని కాసేపు ఆగింది. మళ్ళీ పిలిచింది. నరసింహారావు గారు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, ఆ చేతిని మెల్లగా ఛాతీ మీద పెట్టి, పక్కనే ఇసుకలో కూలబడ్డాడు. కరుణశ్రీ ఏడ్చేసింది.

రేపల్లె పక్కన వాళ్ళ ఊళ్ళో మర్నాడు ఆదాముని మట్టి చేశారు. పని మూడు రోజులు ఆగింది. ఆ మూడు రోజులూ ఖాళీ చేలో, ఐదున్నర అడుగుల ఎత్తున, చూరు వెదురుకి మూడు చుట్లు నార బిగించి కట్టిన తాటాకు ఒక్కటే ఉంది.