తినని తిండి

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు మిల్లు క్యాంటీన్‌లో చప్పటి కూర వడ్డించారు. పెద్దచెయ్యి వంటకు వచ్చాక అలా జరగడం అదే మొదటిసారి. ఆ రోజు ఆయన కూర రుచి చూడలేదు.

పెద్దచెయ్యి కార్మికులు పెట్టిన పేరు. ఆయన ఉప్పు చెంచాతో కొలవడు. డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, మణికట్టు ఒక్కసారి విదిలించి గుండిగలో వేస్తాడు. మొదట ఎప్పుడూ తక్కువే వేస్తాడు. గరిటెతో అడుగు నుంచి కలిపి, కాస్త రసం ఎడమ అరచేతిలో పోసుకుని నాలుకతో అందుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు. చాలకపోతే ఇంకొంచెం ఉప్పు, మళ్లీ అరచెయ్యి. కూర దిగేదాకా అంతే. పప్పుకీ అంతే.

ఇది ఆయనకు గురువు నేర్పిన పద్ధతి. ఆ ముసలాయన ఇదే వంటింట్లో కట్టెల పొయ్యి మీద వండేవాడు. అప్పట్లో మిల్లు పగలూ రాత్రీ నడిచేది. భోజనాల గంట కొట్టగానే మెట్ల మీద చెప్పుల చప్పుడు వంటింటిదాకా వినిపించేది. పనిలో కొత్తగా చేరిన శిష్యుడి అరచేతిలో ముసలాయన వేడి రసం పోసి, "ఏం తక్కువైందిరా?" అనేవాడు. తప్పు చెబితే మళ్లీ పోసేవాడు. మొదటి ఏడాది శిష్యుడి అరచెయ్యి తోలు ఊడింది. తర్వాత దానికి వేడి తెలియడం మానేసింది. గురువు ఒకనాడు తన గరిటె అతని చేతికిచ్చి బయట బల్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అంతకు మించిన మెచ్చుకోలు పెద్దచెయ్యికి జీవితంలో దొరకలేదు.

ముసలాయనకు సాయంత్రానికి చీలమండలు వాచేవి. "నిలబడి చేసే పని. కాళ్లు వాయక చేతులు వాస్తాయా?" అనేవాడు. ఒక ఎండాకాలం పొద్దున బియ్యం బస్తా మీద కూర్చుని మళ్లీ లేవలేదు. వడ కొట్టిందన్నారు. పొయ్యి ముందు బతికినవాడికి వడ కొట్టిందంటే ఎవరు కాదంటారు? శిష్యుడూ అదే నమ్మాడు.

తన కాళ్లు వాచడం మొదలైనప్పుడు పెద్దచెయ్యి గురువు మాటే చెప్పాడు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగితే, వయసన్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు ఎత్తు పెట్టుకోవలసి వచ్చాక, భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు పరీక్షలు చేయించి చెప్పాడు: ఏళ్ల తరబడి పట్టించుకోని రక్తపోటు వల్ల గుండె అలిసిపోయింది, సరిగా కొట్టుకోలేకపోతోంది, అందుకే ఒంట్లో నీరు నిలుస్తోంది. మాత్రలు మానకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. ఆయాసం రానంత మేర నడవాలి. బీడీ జోలికి పోకూడదు. బీడీ ఆయన ఎప్పుడో మానేశాడు. భార్య ఆ సాయంత్రమే ఇంట్లో ఉప్పు డబ్బా దాచేసింది. తనూ చప్పిడి తినడం మొదలుపెట్టింది. అయినా వాపు తీయలేదు. డాక్టరు మాత్రలు పెంచాడు. వాపు తీసినట్టే తీసి మళ్లీ వచ్చింది.

బుధవారం ఆసుపత్రిలో నర్సు ఆయన్ని తూకం ఎక్కించింది.

"బరువు మళ్లీ పెరిగింది బాబాయ్. ఇంత తొందరగా పెరిగితే అది కండా కాదు, కొవ్వూ కాదు. నీరు. ఉప్పు ఎక్కడినుంచో వస్తోంది."

"మా ఇంట్లోంచి కాదమ్మా," అంది భార్య. "ఈయనతో పాటు నా నాలుకా చచ్చిపోయింది."

"బయటేమన్నా తింటారా?"

"ఒట్టు. క్యాంటీన్‌లో ముద్ద ముట్టను. ఈవిడ కట్టిచ్చిన క్యారేజీయే," అన్నాడు పెద్దచెయ్యి.

"అక్కడ వంటెవరు?"

"నేనే."

"రుచి చూడరా మరి?"

ఆయనకు నవ్వొచ్చింది. "రుచి చూడకుండా వంటేంటమ్మా? అది తినడం కాదుగా."

నర్సు నీళ్ల చెంబు, ఖాళీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. "పొద్దున్నుంచి ఎలా చూస్తారో అలాగే అరచేతిలో పోసుకోండి. నోట్లోకి కాదు, గ్లాసులోకి వంచండి."

పెద్దచెయ్యి ముందు పప్పు అనుకుని పోశాడు. ఉప్పు వేశాక ఒకసారి, పోపు పెట్టాక ఒకసారి. తర్వాత కూర, అది దిగేదాకా మళ్లీ మళ్లీ. తర్వాత రెండో షిఫ్టు పప్పు. గ్లాసు అంచుదాకా నిండింది. రెండో షిఫ్టు కూర ఇంకా మిగిలే ఉంది. చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు," అంది భార్య. "ఇక్కడ నేను డబ్బా దాచుకుని కూర్చున్నా."

"నాకు తట్టలేదే," అన్నాడు. నిజంగానే తట్టలేదు.

గురువారం పొద్దున ఆయన గుప్పెడు ఉప్పు విదిలించి, రసం అరచేతిలో పోసుకుని, దాన్ని చూస్తూ నిలబడ్డాడు. కొళాయి కింద కడిగేసుకున్నాడు. కూరలు తరిగే ఆమెను పిలిచి, ఆసుపత్రి సంగతి చెప్పి, గరిటె అందించాడు. ఆమె ఆ వంటింట్లో చేరి ఏళ్లయింది. రుచి చూడమని ఆమెను ఎవరూ అడగలేదు.

"బాగుందన్నా," అందామె. కూర వడ్డనకు వెళ్లిపోయింది.

"ఏం పెద్దచెయ్యీ, చెయ్యి చిన్నదైపోయిందా?" మగ్గాల దగ్గర పనిచేసే మనిషి కిటికీలోంచి అరిచాడు.

"వదినతో గొడవైతే మాకెందుకన్నా శిక్ష?" ఇంకెవరో అన్నారు. బల్లల దగ్గర నవ్వులు.

పెద్దచెయ్యి నవ్వలేదు. రెండో షిఫ్టు కూర పొయ్యి మీద ఉడుకుతోంది. ఆయన చేతిలో ఉన్న పని ఇదొక్కటే. ఇంకో పని రాదు. గరిటె ముంచాడు. ఎడమ అరచెయ్యి దానంతటదే పైకి లేచింది.

"వద్దన్నా," అంది కూరలు తరిగే ఆమె.

"వద్దంటే ఎలా? నువ్వేమో బాగుందంటివి."

"చప్పగానే ఉంది. నాకు తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"మీరెప్పుడన్నా అడిగారా? ఉన్నట్టుండి అడిగితే నోరు పెగల్లేదు. మీ కూరకి నేను వంక పెట్టడమా?"

పెద్దచెయ్యి గరిటె ఆమె చేతిలో పెట్టాడు. "పెట్టు వంక. ఎంత కావాలో నువ్వే వెయ్యి."

ఆమె ఉప్పు వేసి కలిపింది. ఎడమ అరచెయ్యి చాపి, అచ్చం ఆయనలాగే రసం పోసుకోబోయింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అలా కాదు."

టీ కౌంటరు దగ్గరకెళ్లి చిన్న చెంచా తెచ్చాడు. "దీని కొసతో చూడు. చూసి ఉమ్మేసి నోరు పుక్కిలించు. నీ కాళ్లూ వాస్తున్నాయి. నేను చూడట్లేదనుకున్నావా?"

"నిలబడి చేసే పని కదన్నా, వాయవా?"

ఆ మాటకు ఆయన బియ్యం బస్తాల వైపు చూశాడు. "రేపు నాతో ఆసుపత్రికి రా. బీపీ చూపించుకో," అన్నాడు. ఆమె వెళ్లింది. ఆమెకూ రక్తపోటు ఎక్కువే ఉంది. మాత్రలు రాసిచ్చారు.

వానాకాలం వచ్చేసరికి పెద్దచెయ్యి కాళ్ల వాపు తగ్గింది. ఒక దిండు తీసేశాడు. పొయ్యికి కాస్త దూరంగా స్టూలు వేసుకుని వాసన పట్టి చెప్పేవాడు, ఆమె రుచి చూసేది. సాయంత్రాలు భార్యతో మిల్లు గోడ వెంట నడిచేవాడు. మధ్యలో ఆగి, గోడ అవతల ఒకప్పుడు కట్టెల పొయ్యి ఉన్న చోటు చూపించి, గురువు కబుర్లు చెప్పేవాడు. ఆమె విన్న కబుర్లే మళ్లీ వినేది. గురువుకు వడ కొట్టిందని మాత్రం ఆయన మళ్లీ ఎప్పుడూ అనలేదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక చలికాలం ఆదివారం, మధ్యాహ్నం నిద్రలో ఆయన చనిపోయాడు. భార్య టీ పెట్టి లేపడానికి వెళ్లినప్పుడు తెలిసింది.

సోమవారం క్యాంటీన్ తెరిచారు. కూరలు తరిగే ఆమె వండింది. కూరలో ఉప్పు సరిపోయింది. రుచి చూసే ఆ చిన్న చెంచా పిడికి మిల్లు ఫిట్టరు వేసిచ్చిన బెజ్జం ఉంది. పొయ్యి పక్క మేకుకు అది వేలాడుతోంది. దాని కొసన పూత పోయింది.