అత్తయ్య చేతిలో ఆట నోట్లు

మా మామయ్య నడిపిన సైకిల్ షాపు అత్తయ్య పేరు మీదే ఉంది. ఆయన పోయాక దాన్ని అద్దెకిచ్చాం, ఆ అద్దె నెలనెలా మా ఆయన జేబులోకే వెళ్తుంది. ఇప్పుడు షాపు అమ్మేసి కారు కొనాలని మా ఆయన పట్టు. సోమవారం బ్రోకరు కాగితాలు తెస్తాడు, అత్తయ్య సంతకం పెడితే సరి. అమ్మ ఎందుకని అడగదని ఆయన ధీమా. ఆ ధీమా చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది, కానీ ఆ ఇంట్లో నా మాట చెవికెక్కేదెవరికి?

ఆదివారం మా అమ్మాయి వీధులూ షాపులూ కొనే ఆట చాప మీద పరిచింది. ఒక మనిషి తక్కువైతే నేనే అత్తయ్యను లాక్కొచ్చి కూర్చోబెట్టాను. జీతమని ఆట నోట్లు చేతికొచ్చిన ప్రతిసారీ ఆవిడ వాటిని తీసుకెళ్లి మా ఆయన ముందు పెట్టేస్తుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పెళ్లయిన నాటి నుంచి చేతికొచ్చిందంతా ముందు మొగుడికి, తర్వాత కొడుక్కి ఇచ్చేయడమే ఆవిడకు అలవాటు.

“నానమ్మా, అవి నీవి. నీ దగ్గరే ఉంచుకో,” అంది అమ్మాయి.

మళ్లీ జీతం వచ్చింది. అత్తయ్య చెయ్యి కొడుకు వైపు సగం దూరం వెళ్లి ఆగింది. మెల్లగా వెనక్కొచ్చింది. నోట్లను మోకాలి కింద దాచుకున్నారు. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

ఆ తర్వాత ఆవిడ మూలనున్న చిన్న షాపొకటి కొని, మిగతా నోట్లు కదపలేదు. మా ఆయన కంటికి కనిపించిన వీధినల్లా కొనేసి, అద్దెలు కట్టలేక చేతులెత్తేశారు. ఆ షాపు అమ్మి తనకు సర్దమని తల్లిని బతిమాలారు.

ఆవిడ ఆట అట్ట మీద తన షాపు గడిపై వేలు పెట్టారు.

“అమ్మేస్తే దాని అద్దె ఇంక నాకెవరిస్తార్రా?”

ఆట కదమ్మా అని ఆయన నవ్వేశారు. అత్తయ్య నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం, ఈ మనిషిని నేనెప్పుడూ చూడనేలేదు.

సోమవారం బ్రోకరు వచ్చాడు. మా ఆయన పెన్ను మూత తీసి అందించారు. అత్తయ్య అందుకున్నారు.

ఆవిడ మూత అడిగి తీసుకుని, పెన్నుకు పెట్టేశారు. ఖాళీ అరచెయ్యి కొడుకు ముందుకు చాపారు.

“ఈ నెల షాపు అద్దె నా చేతికి రాలేదు, నాన్నా.”

ఆ చెయ్యి ఆయన జేబు తడుముకునేదాకా అలాగే ఉంది.