ఫ్రెంచి క్లాసులో కొయ్యబిళ్ళ

కోపం వస్తే మంచినీళ్ళు తాగమంటారు పెద్దలు. మా మనవరాలి మెడలో ఆ కొయ్యబిళ్ళ చూసిన సాయంత్రం నేను చెంబెడు తాగాను. నీళ్ళు కడుపులోకి పోయి అక్కడే మరిగాయి. ఇంకాసేపు కూర్చుంటే ముక్కుల్లోంచి ఆవిరి వచ్చేది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను లారీ నడిపి ముసలివాణ్ణయినవాణ్ణి. నా హారన్ మోతకి దారి పక్క కోళ్ళు వేళకాని వేళ గుడ్లు పెట్టేవి. నమ్మకపోతే ఆ కోళ్ళనే అడగండి. ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాను. కూతురు దర్జీ. ముందుగదిలో మిషను, మిషను చుట్టూ గుడ్డపీలికలు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులు తియ్యకుండానే నన్ను తిట్టగలదు, అంత పనిమంతురాలు. దాని కూతురే మా పిచ్చుక, హైస్కూలు చదువుతోంది. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

బడిలో ఇంకో భాష ఏదైనా నేర్చుకోవచ్చంటే పిచ్చుక ఫ్రెంచి తీసుకుంది. తీసుకోవడమేమిటి, దయ్యం పట్టినట్టు పట్టింది. బకెట్టుతో, తలుపు గొళ్ళెంతో, నా కళ్ళజోడుతో అన్నిటితోనూ అందులోనే మాట్లాడేది. "ఆ మాటలంటుంటే నోట్లో చాక్లెట్టు అటూ ఇటూ తిప్పుకున్నట్టుంటుంది తాతా" అనేది. పై ఏడాది కూడా ఫ్రెంచి చదవాలని దాని ఆశ. పై తరగతికి అందరినీ పంపరు, మేష్టారు ఏరిన వాళ్ళనే పంపుతారు.

ఆ మేష్టార్ని పిల్లలు మొస్యే అంటారు. అయ్యగారని అర్థమట. బడి తెరిచిన కొత్తలో ఆయన ఇంటింటికీ ఒక కాగితం పంపాడు, తన తరగతి ఎలా నడుస్తుందో, పిల్లల నుంచి తను ఏమేం ఆశిస్తున్నాడో అని. గంట కొట్టకముందే కుర్చీలో ఉండాలి. రింగుల ఫైలు ఉండాలి, దాన్లో పదాలకి పసుపు అట్ట, వ్యాకరణానికి ఎర్ర అట్ట, ఇంటిపనికి ఆకుపచ్చ అట్ట. రాసేది నీలం సిరాతో, తప్పు దిద్దుకునేది ఊదా సిరాతో. గడప దాటి లోపలికొచ్చాక ఫ్రెంచి తప్ప ఇంకో మాట వినపడకూడదు. తెలియకపోయినా సరే, ఫ్రెంచిలోనే తెలియకపోవాలి!

నాకు నవ్వొచ్చింది. మా ఊరి బడిలో ఉన్నదల్లా ఒక మేష్టారు, ఒక బెత్తం. బెత్తం ఎంత పొడుగంటే ఆయన ఇంట్లో మంచం దిగకుండానే బళ్ళో వెనక వరసవాడి వీపు అందుకునేవాడు. వానాకాలంలో దానికి చిగుళ్ళు వేసేవి. మేం దాని నీడనే కూర్చుని ఎక్కాలు చదివాం. అలాంటి చదువు చదివినవాడికి పసుపు అట్టలూ ఊదా సిరాలూ ముచ్చటగానే ఉంటాయి. పిచ్చుక నేల మీద బోర్లా పడుకుని అట్టలు సర్దుకుంటుంటే నేనూ చేతులేశాను. కూతురు మిషను ఆపకుండానే సంతకం చేసింది.

ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో బిళ్ళ సంగతి ఉంది. గదిలో ఎవరైనా ఇంటి మాట జారితే వాళ్ళ మెడలో తాడు కట్టిన కొయ్యబిళ్ళ వేస్తారు. అది దిగాలంటే ఒకటే దారి, ఇంకెవరైనా మాట జారుతుంటే పట్టుకుని వాళ్ళ మెడలో వెయ్యాలి. గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి కట్టుబాటు మార్కుల్లో కోత. బిళ్ళ వాళ్ళతో ఇంటికి పోయి, మళ్ళీ వాళ్ళ మెడలోనే బడికి రావాలి. 

పిల్లలు ఊరుకుంటారా? మొదటి వారానికే వేట నేర్చారు. మెడలో బిళ్ళ ఉన్నవాడు పక్కవాణ్ణి డొక్కలో గిల్లుతాడు. వాడు "అమ్మో!" అంటాడు. గిల్లితే ఫ్రెంచిలో ఎవడేడుస్తాడండీ? బిళ్ళ వాడి మెడలో పడుతుంది. వాడు ఇంకొకణ్ణి గిల్లుతాడు. చదువు సగం, గిల్లుడు సగం. 

పిచ్చుకకి అది ఎలా వచ్చిందంటే, దాని పక్క కుర్చీలో బుంగమూతి అని ఒక స్నేహితురాలుంది. ఒకరోజు ఆ పిల్ల ముక్కులోంచి ఉన్నట్టుండి నెత్తురు కారింది. మా పిచ్చుక "అయ్యో, రక్తం! ఎవరైనా గుడ్డ ఇవ్వండే!" అని అరిచింది. గుడ్డ రాలేదు. బిళ్ళ వచ్చింది.

వచ్చిన బిళ్ళని మా పిచ్చుక ఎవరికీ వెయ్యలేదు. 

"ఎందుకే?" అన్నాను ఆ సాయంత్రం, చెంబు పక్కన పెట్టి.

"నేను ఎవర్నీ పట్టివ్వను."

"పిచ్చిదానా, నీకు మార్కులు పోతాయి!"

"పోతే పోనీ. మాట్లాడితే మాట్లాడానని నన్ను తిట్టమను. పక్కవాళ్ళ నోటికి నన్ను కాపలా పెట్టొద్దను."

వారాలు గడిచాయి. బిళ్ళ దాని మెడ దిగలేదు. ఇంకో విచిత్రం చూడండి. ఈ పిల్ల ఎవరికీ వెయ్యదని తెలిశాక మిగతావాళ్ళంతా నిశ్చింతగా ఇంటి మాటల్లోకి దిగారు. వేటగాడికి చేతులు లేవని తెలిస్తే కుందేళ్ళు ముందుకొచ్చి మీసం దువ్వుతాయి కదా. కోత మాత్రం రోజూ మా పిల్లకే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేష్టారి మీద ఒక మంట, ఆ పిల్లమూక మీద ఇంకో మంట. 

చివరికి మొస్యే కబురు పెట్టాడు, ఇంట్లోంచి పెద్దవాళ్ళెవరైనా రావాలని. కూతురికి పెళ్ళి గుడ్డలు కుట్టే తొందర. సూదుల మధ్యనుంచే అంది: "నాన్నా, వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి రండి. మంచి మాటలు, వింటున్నారా? లారీ మాటలు కాదు."

"నేనెప్పుడైనా చెడ్డ మాట అన్నానా?"

కూతురు మిషను ఆపి నా వంక చూసింది.

నేను వెళ్ళేసరికి తరగతి జరుగుతోంది. మొస్యే నన్ను లోపలికే రమ్మని సైగ చేశాడు. ఇస్త్రీ మడత నలగని సన్నటి మనిషి. గోడ నిండా క్రియాపదాల పట్టికలు, బల్లల మీద వరసగా రింగుల ఫైళ్ళు, ఒక్కటి కూడా వంకర లేదు. పిచ్చుక లేచి నిలబడింది. మెడలో బిళ్ళ.

"ఏం మేష్టారూ, ఏమిటి సంగతి?" అన్నాను.

ఆయన ఫ్రెంచిలో జవాబిచ్చాడు. 

నాకు అర్థం కాలేదని ఆయనకి తెలుసు. అయినా ఇంకోటి అన్నాడు, అదీ ఫ్రెంచిలోనే. గడప లోపల ఆయన నోట వేరే మాట రాదట, వచ్చినవాడు రాజైనా సరే, లారీ డ్రైవరైనా సరే. పిచ్చుకని పిలిచి నా పక్కన నిలబెట్టాడు. అంటే దాని మీద నేరం అదే నాకు మన మాటలోకి మార్చి చెప్పాలి! ఇంత అన్యాయం నేను ఏ చెక్‌పోస్టులోనూ చూడలేదు.

"నేను బాగా మాట్లాడతానంటున్నారు" అంది పిచ్చుక.

"మరి ఆయన బాధేమిటి?"

విని చెప్పింది. "నేను తరగతి కట్టుబాటు చెడగొట్టానట. నా వల్ల అందరికీ భయం పోయిందట. భయం పోతే భాష రాదట." ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట మెత్తగా చెయ్యలేదు. 

"చెప్పు ఆయనకి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో నాకు వాదమేమిటని చెప్పు."

అది కాస్త తటపటాయించి చెప్పింది. మొస్యే కనుబొమలు ముడిచి ఏదో అడిగాడు.

"ఏ కుందేలు అంటున్నారు తాతా."

వెనక బల్లల్లో కిసుక్కుమన్నారు. 

"నవ్వండ్రా, నవ్వండి! కందకి లేని దురద కత్తిపీటకెందుకని కూడా చెప్పు. పిల్లలకి లేని బాధ ఈయనకెందుకట?"

"తాతా, నీకు దణ్ణం పెడతాను, కూరగాయల జోలికి పోకు. కందని ఫ్రెంచిలో ఏమంటారో నాకు తెలీదు."

మొస్యే చెయ్యెత్తాడు. నవ్వులు ఆగాయి. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా బల్ల మీద పెడుతున్నట్టు మాట్లాడాడు. పిచ్చుక మొహం తెల్లబడింది. 

"ఈ గదిలో మాట జారనివాళ్ళు ఒక్కరూ లేరట. ఇప్పుడు, అందరి ముందు, ఎవరో ఒకరి మెడలో వేస్తే నన్ను పై తరగతికి పంపుతారట. వెయ్యకపోతే రేపట్నించి ఈ క్లాసుకి రావద్దంటున్నారు."

నేను పిల్లల వైపు తిరిగాను. "ఏరా, మీ నోళ్ళన్నిటి జరిమానా ఈ ఒక్క పిల్లే కడుతోంది! ఒక్కడైనా లేచి 'నేను మాట్లాడాను' అనండ్రా!"

ఒక్కడూ లేవలేదు. ఒకడు పసుపు అట్ట సర్దుకున్నాడు. బుంగమూతి అయితే తన బూటు తాళ్ళు ఎన్నడూ చూడనట్టు చూసుకుంటోంది. 

"సరే" అన్నాను. "మరి నేనున్నానుగా! వచ్చినప్పట్నుంచీ వాగుతున్నది నేనే. నా మెడలో వెయ్యి." దాని జవాబు కోసం ఆగలేదు. బిళ్ళ దాని తల మీదుగా లాగి నా మెడలో వేసుకుని, గడప దాటి వరండాలోకి నడిచాను.

వెనక బూట్ల చప్పుడు. "పెద్దాయనా! ఆగండి! అది ఇచ్చెయ్యండి!"

ఎవరా అని చూస్తే మొస్యే! గడప దాటాడో లేదో నోట్లోంచి మన మాట ఎంత చక్కగా ఊడిపడిందో! మా వీధి చివర సైకిలు షాపువాడు కూడా అంత చక్కగా మాట్లాడడు. 

"వచ్చన్నమాట మీకు! ఇంతసేపూ ఆ పసిదాని నేరం దాని చేతే చెప్పించారు, సిగ్గులేదూ?"

"అది బడిది కాదండీ. నాది. నేను చదువుకున్న బళ్ళో నా మెడలో వేసిన బిళ్ళ అది. ఎవరికి వేసినా తిరిగి నాకే వచ్చేది. అందరికంటే ఎక్కువ మాట జారేది నేనే." ఆయన నా మెడ వంకే చూస్తున్నాడు. "ఆ భయంతోనే నేర్చుకున్నాను. అది లేకపోతే నేనీవేళ ఇక్కడ ఉండేవాణ్ణి కాదు."

నాకు జాలెయ్యాలి కాబోలు. వెయ్యలేదు. పైపెచ్చు ఒళ్ళు ఇంకా మండింది. "తెలియనివాడు చేస్తే పొరపాటని సరిపెట్టుకుంటాను. మీకు తెలుసు! మెడ మీద ఎంత బరువో తెలుసు, పక్కవాడు గిల్లితే ఎంత నొప్పో తెలుసు. పాము కరిచి బతికినవాడు ఆ పాముకే పాలుపోసి పెంచి పిల్లల పక్కలో వదిలినట్టుంది మీ చదువు!"

ఆయన చెయ్యి చాపాడు. "బిళ్ళ ఇవ్వండి. అమ్మాయిని ఉండనిస్తాను. మార్కులూ సర్దుతాను. పై తరగతికి పంపుతాను. సరేనా?"

నిజం చెప్పొద్దూ, నా చెయ్యి తాడు మీదికి వెళ్ళింది. మా పిల్ల చదువు నిలబడుతుంది. మిగతావాళ్ళ మెడలతో నాకేం పని? దాని కోసం లేచారా వాళ్ళు?

"ఇవ్వకు తాతా."

పిచ్చుక గడప మీద నిలబడి ఉంది. "ఇస్తే రేపు బుంగమూతి మెడలో పడుతుంది."

"పడనీ! నీ కోసం లేచిందా అది?"

"లేవలేదు. అయినా ఇవ్వకు."

"నీకు ఫ్రెంచి పోతుందే!"

"తెలుసు" అంది. అన్నాక ఏడ్చింది. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, వరండాలో ఏ మాట మాట్లాడినా తప్పులేని చోట నిలబడి కూడా, ఆయనతో ఫ్రెంచిలోనే మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఎక్కడా తడుముకోలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, బతిమాలడం ఏ భాషలోనైనా గుర్తుపడతాను, అది బతిమాలడం కాదు. మొస్యే చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయాడు. ఏ భాషలో అనబోయాడో ఆయనకే తెలియాలి. అనకుండానే లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. 

బడి గేటు దాటాక ఆ బిళ్ళని విరిచేద్దామని మోకాలికేసి కొట్టాను. బిళ్ళ విరగలేదు, మోకాలు గుమ్మడికాయంత వాచింది. కుంటుతూనే నా పాత స్నేహితుడి షెడ్డుకెళ్ళి, ఇసుక లోడుతో ఉన్న లారీ వెనక చక్రం కింద పెట్టి ముందుకి పోనిమ్మన్నాను. తరవాత వెనక్కి కూడా రమ్మన్నాను. మిగిలిన పొట్టు చూసి పిచ్చుక నవ్వలేదు.

మర్నాడు అది ఫైలు సర్దుకుని మామూలు వేళకే బయల్దేరింది. "రావద్దన్నాడుగా?" అంది వాళ్ళమ్మ. "వెళ్ళగొడితే వస్తాను" అంది. వెళ్ళగొట్టలేదట. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటే చూడనట్టు ఊరుకున్నాడట. ఇప్పుడు మాట జారినవాళ్ళని గంట కొట్టేదాకా నిలబెడుతున్నాడు. పిల్లల కాళ్ళు నొప్పెడుతున్నాయి, మా దానివీ నొప్పెడుతున్నాయి. గిల్లుడు మాత్రం ఆగింది. 

ఏడాది చివర దాన్ని పై తరగతికి పంపాడు. కట్టుబాటు మార్కుల దగ్గర సున్నా వేసి మరీ పంపాడు. ఆ మార్కులు లేనివాళ్ళని పంపకూడదని తను పెట్టిన నియమాన్ని తనే మీరాడన్నమాట. "మంచివాడే నాన్నా, పోనివ్వండి" అంటుంది నా కూతురు. మంచివాడైతే ఆ సున్నా ఎందుకు? ఆ నిలబెట్టడమెందుకు?

మొన్న మందుల షాపు ముందు నేను కుంటుకుంటూ వెళ్తుంటే ఎదురుపడ్డాడు. "బాగున్నారా పెద్దాయనా? మోకాలెలా ఉంది?" అన్నాడు, మన మాటలోనే, ఎంతో మర్యాదగా.

నేను పలకలేదు.