గోడవైపు తిరిగి పడుకున్న మనిషి

నేను ఒక బల్లని. స్టీలు బల్లని. నాతోపాటు అదే రేకులోంచి పుట్టిన బల్లలు రెండు టిఫిన్ హోటలుకి పోయాయి. వాటిమీద ఇడ్లీలు పెడతారు. నన్ను మెడికల్ కాలేజీవాళ్ళు కొని డిసెక్షన్ హాల్లో కిటికీ పక్కన వేశారు. నామీద శవాల్ని పడుకోబెడతారు, వాటిని కోసి పిల్లలు డాక్టర్లవుతారు. ఎక్కువగా దిక్కులేని శవాలే. బతికున్నప్పుడు రైల్లో పక్కన కూర్చోనివ్వని మనిషి చుట్టూ, నామీదికొచ్చాక ఏడాదిపాటు మూగి పాఠం నేర్చుకుంటారు.

వాళ్ళ మధ్య పేరుతో వచ్చినవాడు మల్లాడి సింగరయ్య. గోదావరి రేవులో నలభై ఏళ్ళు పడవ నడిపాడు. మునిగిపోయినవాళ్ళని ఎందరినో తీసి ఒడ్డున పెట్టాడు. "నీళ్ళు తినేసిన శవాలు చాలా చూశాను. నాదైనా ఎవరికన్నా పనికిరానీ" అని తనే కాగితం రాసిచ్చాడట. భార్య నూకరత్నం వేలిముద్ర వేసింది. నిప్పు పెట్టకపోతే దెయ్యమై తిరుగుతాడని చుట్టాలు ఆమెని తిట్టిపోశారట.

ఏడాది నామీదే ఉన్నాడు. కుడి భుజం రమీజా అనే అమ్మాయి వంతుకొచ్చింది. చివరికి మిగిలినదాన్ని కాలేజీవాళ్ళే దహనం చేయించి, నన్ను కడిగి ఆరబెట్టారు. ఆ వారంలోనే నూకరత్నం వచ్చింది.

"ఒక్కసారి చూడనివ్వండి బాబూ," అని ప్రొఫెసరుగారి కాళ్ళమీద పడబోయింది. "కళ్ళు మూస్తే చాలు, వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. పిలిస్తే పలకడు."

చూడ్డానికి ఏమీ మిగల్లేదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆమె కదల్లేదు. ఏడవనూ లేదు. అప్పుడు రమీజా దగ్గరకొచ్చింది.

"అమ్మా, తాతగారి భుజం చదివింది నేనేనండి. కండ ఎముకని పట్టుకునేచోట ఎప్పుడో తెగిపోయింది. చాలా పాత దెబ్బ. అటువైపు ఒత్తిగిలి పడుకోలేరు. మీతో ఎప్పుడూ అనలేదా?"

"ఏ బుజం?"

"కుడిదండి."

నూకరత్నం తన రెండు చేతులూ చూసుకుంది.

"మా మంచానికి గోడ ఎడంపక్క," అంది. "ఇరవై ఏళ్ళయింది మా పిల్ల ఏట్లో పోయి. నేను బట్టలుతుకుతుంటే నా పక్కనుంచే పోయింది. ఆరోజు పొద్దుగూకేదాకా ఈయన మునుగుతా తేలతా ఏరంతా గాలించాడు. ఆరోజు నుంచే గోడవైపు తిరిగాడు. నా మొహం చూడ్డానికి మనసొప్పక అనుకున్నాను."

ఆ భుజంలో ఏముందో రమీజాకి తెలుసు, నాకూ తెలుసు. గోడవైపు తిరిగిన ఆ మనిషి మనసులో ఏముందో మా ఇద్దరికీ అందలేదు. నొప్పే అయ్యుండొచ్చు. కోపమే అయ్యుండొచ్చు. రెండూ అయ్యుండొచ్చు.

"ఆ బుజం ఎక్కడుండేదమ్మా?"

రమీజా నామీద చోటు చూపించింది. నూకరత్నం అక్కడ అరచెయ్యి ఆనించి, నూనె రాసినట్టు మెల్లగా రాయడం మొదలుపెట్టింది. చల్లటి రేకు ఆమె చేతికింద వెచ్చబడింది.

"ఒక్కమాట అంటే రోజూ రాసేదాన్ని కదయ్యా," అంది. "అలిగావా, నొప్పా?"

చెయ్యి తియ్యకుండా, జవాబు కోసం చాలాసేపు ఆగింది.